కొమ్ము లేని పూలు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఉభయకుశలోపరి. ఉభయులంటే నేనూ, మీ బావా. ప్రార్థన గదిలో నువ్వు పెట్టి వెళ్లిన పెట్టెకు మాత్రం కుశలం లేదు. దాన్ని నువ్వు సర్వర్ అంటావు. సర్వర్ అంటే మీ బావకు హోటల్లో టీ తెచ్చే మనిషి గుర్తొస్తాడు. అందుకని ఇంట్లో పెట్టె అనే అంటున్నాం.

అది నువ్వు పెట్టిన రోజు నుంచీ గొణుగుతూనే ఉంది. తర్వాత మూలగడం మొదలుపెట్టింది. ఇప్పుడు రోట్లో రాళ్లు వేసి తిప్పినట్టు అరుస్తోంది. కంప్యూటర్ షాపతన్ని పిలిపించాను. చెవి ఆనించి విని, నిట్టూర్చి, "ఆశ పెట్టుకోకండమ్మా" అన్నాడు. డాక్టర్లు కూడా అంత నెమ్మదిగా చెప్పరు.

పెట్టె మూలుగుతోందని పోయినసారి రాస్తే నువ్వు పంపిన కొత్త పెట్టె చేరింది. ఇంకా అట్టపెట్టెలోంచి తీయలేదు. మీ బావ స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నారు. అది లాక్కుని నా దిండు కింద పెట్టుకున్నాను.

పాత పెట్టెలో మన ఇంటి ఫోటోలన్నీ ఉన్నాయి. పోతే బాధపడతాను, తట్టుకుంటాను. కానీ నువ్వు రికార్డు చేసిన అమ్మ గొంతు కూడా అందులోనే ఉంది. రోజూ తెల్లవారుజామున మీట నొక్కుతాను. అమ్మ పాడుతుంది. వెనక నేను అందుకుంటాను. అమ్మ పోయాక ఒక్క ఉదయం కూడా ప్రార్థన ఒంటరిగా చేయలేదు. అది పోతే మాత్రం నా వల్ల కాదు.

నువ్వు తవ్విస్తున్న సొరంగంలో ఫోను మోగదు కనుక ఈ ఉత్తరం సరుకుల లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. ఏం చేయాలో రాయి. తెలుగులో రాయి. ఇంగ్లీషు మాట కనబడితే మీ బావ దానికి అర్థం చెప్పడం మొదలుపెడతారు. ఈలోగా అన్నం చల్లారిపోతుంది.

నీ తల మీద కొండ నిలకడగా ఉండాలని కోరుతూ,
అక్క

తా.క. పోయినసారి "క్షేమం. పని ఎక్కువ" అని మాత్రమే రాశావు. సబ్బు కాగితం మీద అంతకంటే ఎక్కువ రాసి ఉంటుంది.

*

అక్కకు,

కొండ కడుపులోంచి తమ్ముడి నమస్కారాలు. నీ ఉత్తరం చదువుతూ టీ ఒలకబోసుకున్నాను. పెట్టెను ఆపకండి, కదపకండి, బావను దాని దరిదాపుల్లోకి రానివ్వకండి. బావంటే నాకు గౌరవమే. కానీ గోడగడియారం బాగుచేస్తానని విప్పి, మళ్లీ బిగించాక మిగిలిపోయిన చక్రాలను కాగితాల మీద బరువుకు పెట్టుకున్న మనిషి ఆయన.

భయపడకు అక్కా. పెట్టె వేరు, లోపలి డిస్కులు వేరు. పెట్టె ఇల్లయితే డిస్కులు కాపురం. ఇల్లు కూలేలా ఉంది, కాపురం కొత్త ఇంటికి మారుస్తున్నాం. అంతకంటే ఏమీ లేదు. లోపల రెండు డిస్కులున్నాయి. ఒకదానిలో ఏముంటే రెండోదానిలోనూ అదే ఉంటుంది, అద్దంలో చూసుకున్నట్టు. ఒకటి చెడినా రెండోది కాస్తుంది. అలాగని అద్దాన్ని పూర్తిగా నమ్మకూడదు. మనం మూతి వంకర పెడితే అద్దమూ పెడుతుంది కదా. ఒకదానిలో పొరపాటున చెరిపేస్తే రెండోదానిలోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది.

అందుకని ముందు కాపీ. అలమరలో విడిగా ఒక డిస్కు పెట్టి వచ్చాను. దాని మీదికి కాపీ చేయండి. ఈ ఒక్కటీ బావకు వచ్చు, చేయనివ్వు. కాపీ అయ్యాక తప్పకుండా తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

తర్వాత పూల్ మొత్తం బయటికి పంపాలి. ఇది చాలా ముఖ్యం. పూల్ బయటికి పంపకుండా పాత పెట్టె ఆపేస్తే కొత్త పెట్టె ఒప్పుకోదు, మొండికేస్తుంది. పూల్ బయటికి వెళ్లాకే పెట్టె ఆపి, డిస్కులు తీసి కొత్తదానిలో పెట్టండి. అక్కడ పూల్ మళ్లీ లోపలికి తెచ్చుకోవాలి. ఎక్కడా బలవంతం చేయొద్దు.

చూశావా, అన్నీ తెలుగులోనే రాశాను. చెయ్యి నొప్పి పుట్టింది.

ఇట్లు, గుండె చేత్తో పట్టుకుని,
తమ్ముడు

తా.క. స్క్రూడ్రైవర్ దిండు కింద వద్దు, బావ అక్కడ చూస్తారు. పంచదార డబ్బాలో పెట్టు. డాక్టరు ఆయన్ని ఆ డబ్బా జోలికి పోవద్దన్నాడు కదా.

*

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే చేశాం.

ఉత్తరమంతా "పూల్" అని రాశావు. లకారానికి కొమ్ము మర్చిపోయావు. నీకు పలక మీద అక్షరాలు దిద్దించింది నేనే. అప్పుడూ కొమ్ములు ఎగ్గొట్టేవాడివి. ఇంత ఇంజనీరువయ్యావు, నీకింకా కొమ్ములు రాలేదు. ఎర్ర సిరాతో అన్నిచోట్లా కొమ్ములు పెట్టుకుని చదివాను.

పూలు మొత్తం బయటికి పంపాను. ప్రార్థన దగ్గర కూజాలో ఉన్నవి, కిటికీలో ఉన్నవి, బల్ల మీది ప్లాస్టిక్‌వి కూడా. "ప్లాస్టిక్‌వి కూడానా?" అన్నారు మీ బావ. తమ్ముడు "మొత్తం" అన్నాడు అన్నాను. పుప్పొడి గాలిలో తేలి యంత్రాల్లో ఎలా చేరుతుందో ఆయన నాకు వివరించారు. చాలాసేపు వివరించారు.

పూలన్నీ పక్కింటావిడకు ఇచ్చాను. నా చేతుల్లో అన్ని పూలు చూసి ఆమె కంగారుపడింది. "ఇంట్లో ఎవరికైనా బాగోలేదా వదినా?" అంది. "పెట్టెకు" అన్నాను. పూలు తీసుకుంది కానీ తలుపు కాస్త తొందరగా వేసుకుంది.

కాపీ మీ బావ చేశారు. రెప్పపాటులో అయిపోయింది. మెచ్చుకున్నాను. తెరిచి చూడమన్నావు కదా, అలమర తెరిచి చూశాం. ఉంది.

పాత పెట్టె ఇంకా ఆపలేదు. పూలు వెళ్లిపోయాక అది ఏమైనా మెత్తబడుతుందేమోనని చూస్తున్నాం. అదే అరుపు.

నీ మాట జవదాటని,
అక్క

తా.క. పూలు లేక గది బోసిపోయింది. తమ్ముడి మాట, ఏమీ అనుకోకు అని దేవుడికి సర్దిచెప్పాను. ఆయన ఒప్పుకున్నట్టే ఉన్నాడు. మీ బావే ఇంకా ప్లాస్టిక్ పూల గురించి అడుగుతున్నారు.

*

అక్కా!

నమస్కారాలు చివర్లో పెడతాను. పూల్ అంటే పూలు కాదు!

నేను కొమ్ము మర్చిపోలేదు తల్లీ. అది ఇంగ్లీషు మాట. నా చేతిలోంచి జారిపోయింది. ఆ రెండు డిస్కులూ కలిసి ఒకటిగా పనిచేస్తాయి చూడు, ఆ ఉమ్మడి కాపురానికి మా వాళ్లు పెట్టుకున్న పేరది. తెలుగులో కొలను అనుకో. ఇకమీద కొలను అనే రాస్తాను. బయటికి పంపాల్సింది కొలనును, నీ గులాబీలను కాదు. వెళ్లి తెచ్చుకో.

నీ ఉత్తరం ఇక్కడ మా మేస్త్రీకి చదివి వినిపించాను. నవ్వి నవ్వి కూలబడ్డాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే "సార్, పెట్టె మెత్తబడిందా?" అని అడుగుతున్నాడు. ఇదివరకు ఈ మనిషి నాతో సిమెంటు గురించి తప్ప మాట్లాడేవాడు కాదు.

కాపీ సంగతి. అలమర తెరవడం కాదు అక్కా, కాపీ తెరవాలి. కంప్యూటర్‌కు తగిలించి, అమ్మ పాట నొక్కి, చెవులతో వినాలి. రెప్పపాటులో అయిపోయిందన్నావు, అది నాకు నచ్చలేదు. మంచి కాపీకి టైము పడుతుంది.

ఇంకో మాట మర్చిపోయాను. మార్చేముందు కొలనును ఒకసారి పూర్తిగా తోమాలి. మూలమూలలా తోమితే పాడైన చోటు ఎక్కడైనా ఉంటే బయటపడుతుంది. తోమడానికి ఒక పూట పట్టొచ్చు. ఓపిక పట్టండి. మధ్యలో మాత్రం ఆపకూడదు.

ఇప్పుడు నమస్కారాలు. నీకూ, ప్లాస్టిక్ పూలు పోగొట్టుకున్న బావకూ.
తమ్ముడు

తా.క. నేను కొమ్ములు బాగానే పెడుతున్నాను. కావాలంటే ఈ ఉత్తరం లెక్కపెట్టుకో.

*

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. కొమ్ములు చూశాను. ఒకచోట ఎక్కువ పెట్టావు.

కొలను అన్నావని మీ బావ బకెట్టు నిండా నీళ్లు తెచ్చారు. కరెంటు వస్తువు, వద్దన్నాను. "మరి కొలను అన్నాడుగా?" అన్నారు. "వాడు చిన్నప్పుడు చందమామ కూడా కావాలన్నాడు" అన్నాను. నీళ్లు మొక్కలకు పోశారు.

తోమడం మాత్రం మాకు చక్కగా అర్థమైంది. పొడి గుడ్డా, పాత పళ్ల బ్రష్షూ తీసుకుని పెట్టెను మూలమూలలా తోమాం. మధ్యలో ఆపకూడదన్నావు కనుక భోజనం వంతులవారీగా చేశాం. పూలు ఇచ్చినందుకు మాట కలపడానికి వచ్చిన పక్కింటావిడ తనూ ఒక పక్క పట్టింది. పాడైన చోటు నిజంగానే ఒకటి బయటపడింది. వెనకవైపు రంగు లేచిపోయింది. మీ బావ తెల్ల రంగు వేశారు.

ఆ తర్వాత పెట్టె ఆపి డిస్కులు మార్చాం. స్క్రూడ్రైవర్ మీ బావకు పంచదార డబ్బాలో దొరికింది. ఆ డబ్బాలో చెయ్యెందుకు పెట్టారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

కొత్త పెట్టె వెలిగింది. తెర మీద ఏదో రాసింది. షాపతన్ని పిలిస్తే చదివి చెప్పాడు. ఈ డిస్కులు పాత పెట్టె సొంతమట, అది ఇంకా వీటిని వదులుకోలేదట, కనుక ఇవ్వనంటోందట. "బలవంతంగా తెరవమంటారా అమ్మా?" అన్నాడు. నువ్వు బలవంతం వద్దన్నావు. వద్దన్నాను.

కాపీ ఉంది కదా అని ధైర్యంగా దాన్ని తెరిచాం. "అమ్మ" అని పేరుంది. నొక్కితే ఏమీ లేదు. షాపతను చూసి, "ఇది షార్ట్‌కట్ సార్. మీరు ఇంటి అడ్రసు రాసుకొచ్చారు, ఇల్లు తేలేదు" అన్నాడు. మీ బావ ఆ పూటంతా ఎవరికీ ఏమీ వివరించలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

ఇవాళ తెల్లవారుజామున అలవాటుగా మీట నొక్కాను. అమ్మ రాలేదు. మొదటి పాదం పాడాను. రెండోది ఎత్తుకోలేకపోయాను. కళ్లు మూసుకుని కూర్చున్నాను, ప్రార్థన అంతే.

నేను కంగారుపడటం లేదు. నువ్వూ పడకు. త్వరగా రాయి.

అక్క

తా.క. పెట్టె మాత్రం చాలా తెల్లగా ఉంది.

*

అక్కకు,

నమస్కారాలు. రంగు వేయడం దాకా నవ్వుతూ చదివాను. తర్వాత నవ్వలేదు.

సెలవు అడిగాను. రెండువైపుల నుంచీ తవ్వుకొస్తున్న సొరంగం కలిసే వారం ఇది. ఇవ్వలేదు. కనుక మీరిద్దరే చేయాలి. తప్పంతా నాది. తెలుగులో రాయమంటే, తెర మీద ఉన్న మాట దాచేసి లేని మాట పుట్టించాను. ఇప్పుడు అక్కడ ఏ మాట ఉంటుందో ఆ మాటే రాస్తున్నాను. బావ అర్థం చెబితే చెప్పనీ. అన్నం చల్లారితే చల్లారనీ.

అమ్మ ఎక్కడికీ పోలేదు. ఆ డిస్కుల్లోనే ఉంది. కొత్త పెట్టె మొండికేయడం ఒకందుకు మంచిదే. ఊరూ పేరూ తెలియనివాళ్లకు తలుపు తీయని కాపలావాడు అది. డిస్కులు మళ్లీ పాత పెట్టెలో పెట్టి ఆన్ చేయండి. ఎంత అరిచినా అరవనివ్వండి. ముందు అమ్మ పాట విడి డిస్కు మీదికి తెచ్చుకోండి. తర్వాత ఆ డిస్కును బావ కంప్యూటర్‌కు తగిలించి పాట మొదటి నుంచి చివరిదాకా వినండి. విన్నాకే రెండో పని.

రెండో పని ఇది. పాత పెట్టె తెర మీద "పూల్" అని ఉంటుంది, కొమ్ము లేకుండానే. దాని పక్కన "ఎక్స్‌పోర్ట్" అనే మాట ఉంటుంది, నేను బయటికి పంపడం అన్నది అదే. అది నొక్కితే ఇంకో చిన్న తెర వస్తుంది. అందులో ఒక ఖాళీ గడి. దాని పక్కన ఇంగ్లీషులో ఒక ప్రశ్న. "ఇందులో ఉన్నదంతా నాశనం చేయమంటారా?" అని దాని అర్థం. ఆ గడిలో టిక్కు పెట్టకూడదు. పెడితే అద్దం కూడా కాపాడదు. ఆ గడి ఖాళీగానే వదిలి, కింద ఉన్న మీట నొక్కాలి. అప్పుడే పాత పెట్టె డిస్కులను వదులుకుంటుంది. కొత్తదానిలో పెట్టాక "ఇంపోర్ట్" నొక్కితే చాలు.

అక్కా, ఆ గడి బావ చేతికి ఇవ్వకు. ఉద్యోగమంతా దరఖాస్తుల్లో గడులకు టిక్కులు పెట్టిన చెయ్యి అది. ఖాళీ గడి చూస్తే ఆగదు. డాక్టరు రాసిన మందుల చీటీకి టిక్కు పెట్టి "సరిగానే ఉంది" అని ఆ డాక్టరుకే తిరిగిచ్చిన మనిషి.

సొరంగం ఈ చివర నుంచి ఎదురుచూస్తూ,
తమ్ముడు

తా.క. తోమడం కూడా తెర మీద ఒక మీటే. పోనీలే. పళ్ల బ్రష్షుతో తోమించుకున్న సర్వర్ ప్రపంచంలో ఇంకోటి ఉండదు.

*

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. అందరం కుశలం. పెట్టె కూడా.

నీ ఉత్తరం అందగానే డిస్కులు పాత పెట్టెలో పెట్టాం. అరిచింది. అంత చల్లని అరుపు నేనెప్పుడూ వినలేదు. కాపీ మీ బావే మళ్లీ చేశారు. ఈసారి చాలాసేపు పట్టింది. మెచ్చుకున్నాను. ఆయన కంప్యూటర్‌లో పెట్టి విన్నాం. పక్కనే ఈ పెట్టె గోల, అయినా అమ్మ పాట మొదటి నుంచి చివరిదాకా ఉంది. అప్పుడు నాకు ఆకలి వేసింది.

మీ బావకు గడి చూపించొద్దన్నావు. తెర మీది ఇంగ్లీషు చదవడానికి ఆయన లేకపోతే ఎలా? పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఖాళీ గడి వచ్చింది. "దీంట్లో పెట్టకూడదు, తెలుసు, తెలుసు" అంటూనే ఉన్నారు, ఆయన చూపుడువేలు దానంతట అదే లేచింది. చెయ్యి పట్టుకున్నాను. పెళ్లయ్యాక అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. ఆయన కాస్త సిగ్గుపడ్డారు. గడి అలాగే ఉంచి, కింది మీట రెండో చేత్తో నేనే నొక్కాను.

డిస్కులు కొత్త పెట్టెలోకి మారాయి. ఇంపోర్ట్ నొక్కితే ఈసారి ఏ పేచీ పెట్టకుండా తలుపు తీసింది. ఫోటోలన్నీ ఉన్నాయి. నువ్వు చొక్కా లేకుండా ఏడుస్తున్నది కూడా. కొత్త పెట్టె చప్పుడే చేయదు. ఊపిరి ఆడుతోందో లేదోనని మీ బావ చేతి వెనక భాగం పెట్టి చూశారు.

ఇవాళ తెల్లవారుజామున కూర్చున్నాను. మీట నొక్కాను. అమ్మ పాడింది.

నీకు తెలుసో లేదో. ఆ రికార్డులో అమ్మ పాట ముగించి, కాసేపు ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. మళ్లీ ఆగి, ఇంకోసారి. మొత్తం మూడుసార్లు. అది అమ్మ నియమం అనుకున్నాను. ఇన్నాళ్లూ నేనూ మూడుసార్లే పాడుతున్నాను. మూడుసార్లు పాడితేనే ఫలం అని పక్కింటావిడకు కూడా నేర్పాను. అమ్మ ఆగిన చోటల్లా పెట్టె మూలుగే వినిపించేది. ఇవాళ అది లేదు. ఆ ఖాళీలో అమ్మ మాట్లాడుతోంది. పాడే గొంతు కాదు. పక్కన కూర్చున్న మనిషి చెవిలో చెప్పినంత చిన్నగా.

మొదటిసారి పాడాక అంటోంది: "అయిపోయింది స్వామీ. వీడు ఈ మిషను నా ముందు పెట్టి ఎటో పోయాడు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆపడం నాకు రాదు. అది వింటుంటే ఊరికే కూర్చోవడం మర్యాద కాదు. ఇంకోసారి పాడతాను."

రెండోసారి పాడాక: "ఇంకా రాలేదు. అల్లుడుగారు వరండాలోనే ఉన్నారు. అడిగితే ఆపుతారు. కానీ ఆపేముందు అదెలా పనిచేస్తుందో చెబుతారు. అంతకంటే పాడటమే సులువు. నువ్వు విసుక్కోకు తండ్రీ."

మూడోసారి పాడాక: "ఆ, వస్తున్నాడు. చెప్పులీడ్చుకుంటూ నడిచేది వీడే." అంతే. అక్కడ ఆగిపోతుంది.

నేను నవ్వాను. ప్రార్థనలో నవ్వడం ఇదే మొదలు. మీ బావ ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. ఆయనకు వినిపించాను. రెండో మాట దగ్గర మొహం చిన్నబుచ్చుకున్నారు. కాసేపటికి అదే మాట మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ మళ్లీ విన్నారు. "దేవుడితో మాట్లాడుతూ కూడా అత్తయ్య నన్ను తలుచుకుంది, చూశావా?" అన్నారు. చూశానన్నాను.

"ఇక రేపటి నుంచి ఒకసారి పాడితే సరిపోతుందిగా?" అని అడిగారు. లేదన్నాను. అమ్మ మాట్లాడేది పాటకూ పాటకూ మధ్యనే. ఆ మాటలు వినాలంటే పాడాలి మరి.

సొరంగం కలిశాక ఇంటికి రా. చెప్పులీడ్చుకుంటూనే రా.

చెవులు చల్లబడిన,
అక్క

తా.క. కొత్త పెట్టె ఎలా పనిచేస్తుందో మీ బావ వరండాలో పక్కింటావిడకు వివరిస్తున్నారు. ఇప్పుడే ఆమె పాడటం మొదలుపెట్టింది.